ఉక్కు సింగన్న కుడి చెవి

వాకిట్లో నువ్వు సైకిల్ చైను కిరసనాయిలుతో కడుగుతున్నావు చూడు చిట్టీ, ఆ వాసన గదిలోకి రాగానే నాకు తెనాలి ప్రెస్సు గుర్తొచ్చింది. అచ్చు అయ్యాక సీసపు అక్షరాలను కిరసనాయిలుతోనే కడిగేవారు. చేతులు తుడుచుకొని వచ్చి కూర్చో, చెబుతాను, రాసుకో. మా నరసయ్య గారి సంగతి. ఆయన్ని చూసినవాళ్ళు ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

డెబ్భైల మొదట్లో మాట. మాది బాపట్ల. తెనాలిలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఉందంటే అన్నయ్యను వెంటబెట్టుకొని వెళ్ళాను. బయల్దేరేటప్పుడే నాన్నగారు చెప్పేశారు: "ఈ ఒక్కసారేనమ్మా. ఇది రాకపోతే ఇంక ఉద్యోగం ఊసు ఎత్తకూడదు." అన్నయ్య ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు, నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. నరసయ్య గారు పిల్లల బొమ్మల పత్రిక నడిపేవారు. కథలు అల్లేది కూడా ఆయనే. రేపల్లె నుంచి రోజూ రైలు బండిలో వచ్చేవారు. బొజ్జ, మందపాటి కళ్ళజోడు, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే మొహం.

చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు. రాబోయే సంచిక కాగితాలు చేతిలో పెట్టి, "తప్పులు చూడమ్మాయ్" అన్నారు. అవి ఉక్కు సింగన్న కథవి. నేను మొదటి సంచిక నుంచీ వదలకుండా చదివినదాన్నే. దొంగలు తుపాకులు పేలుస్తుంటే తూటాలు సింగన్న చెంపకు తగిలి చింతపిక్కల్లా రాలుతున్నాయి. అచ్చుతప్పులన్నీ దిద్దాను గానీ ఆ బొమ్మ దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్?" అన్నారాయన.

"తూటా దిగని ఒంట్లో సూది ఎలా దిగిందండి?"

"సూదేంటి?"

"చెవికి పోగు ఉంది కదండి. ఎలా కుట్టారు?"

పక్క బల్ల దగ్గర బొమ్మలు వేస్తున్న ప్రసాదు గారు తలెత్తారు. "చిన్నప్పుడు కుట్టుంటారు. అప్పటికింకా బలం రాలేదనుకోండి."

"ఉయ్యాల్లో ఉన్నప్పుడే పాము కాటేయబోతే దాని కోరలే విరిగాయని మీరే వేశారండి."

"అయితే కుట్టక్కర్లేదు, అది తగిలించుకునే పోగు."

నరసయ్య గారు కళ్ళజోడు తీసేశారు. "తగిలించుకునే పోగేంటయ్యా, వాడేమన్నా నాటకంలో వేషం కడుతున్నాడా?"

"పోనీ చెరిపేస్తానండి."

"చెరిపేసి? పోగు ఏదని పిల్లలు మీదపడితే నువ్వెళ్ళి చెబుతావా?" అని నా వైపు తిరిగారు. "సాయంత్రం మీ బండి వేళకు జవాబు కూడా నువ్వే చెప్పు, ఉద్యోగం నీది. అడిగేసి పోయేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు."

ఇక చూడు, ముగ్గురం మొదలుపెట్టాం. వజ్రపు సూదితో కుట్టారన్నారు ప్రసాదు గారు. "అలాగైతే దొంగలు వజ్రపు తూటా చేయిస్తారు, వాడు వచ్చే నెలకే చస్తాడు" అన్నారు నరసయ్య గారు. దేవుడి వరం అన్నాను నేను. "వరం అన్నావంటే వాదన అయిపోయినట్టే. ఒప్పుకోను." తెప్పించిన ఇడ్లీలు ప్లేట్లలోనే చల్లారిపోయాయి. కిటికీలోంచి చూస్తే అన్నయ్య రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. అయినా చెప్పొద్దూ, అంత సరదాగా నా జన్మలో ఏ పూటా గడవలేదు.

అన్నయ్యను చూడగానే తట్టింది. పొన్నూరులో మా అక్క కొడుక్కి చెవులు కుట్టినప్పుడు మేనమామ కాబట్టి అన్నయ్యే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నోట్లో బెల్లం ముక్క పెట్టాం. పిల్లాడు దాన్ని చప్పరిస్తూ మెత్తగా ఒరిగి కూర్చున్నాడు, మొదటి చెవి చటుక్కున అయిపోయింది. రెండో చెవి దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుపోయాడు, పట్టుకోవడం ముగ్గురి వల్ల కాలేదు.

"సింగన్న ఒళ్ళు ఎప్పుడూ ఉక్కు కాదండి," అన్నాను. "భయమో కోపమో వచ్చి బిగబట్టినప్పుడే ఉక్కు. పాముని చూసి బిగబట్టాడు. మేనమామ ఒళ్ళో ఎందుకు బిగబడతాడు?"

నరసయ్య గారు లేచి నిలబడ్డారు. "ప్రసాదూ, నా పొట్టలో ఒకటి గుద్దు."

"వద్దండి."

"గుద్దవయ్యా." బిగబట్టి ఒకటి తిన్నారు, చలించలేదు. "చూశావా" అని నవ్వుతుండగానే ప్రసాదు గారు రెండోది వేశారు. ఆయన బల్ల పట్టుకొని వంగిపోయారు. నేను హడలిపోయాను. వంగినవారు వంగినట్టే చెయ్యెత్తి, "నిజమే. అమ్మాయి చెప్పింది నిజమే" అన్నారు.

ప్రసాదు గారు ఊరుకోలేదు. "మరి మొదటి చెవి కుట్టగానే బిగబడతాడు కదండి. రెండోది ఎలా కుట్టారు?"

"కుట్టలేదండి," అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. "సింగన్నకు ఒక్క చెవికే పోగు."

పాత సంచికలన్నీ బల్ల మీద పరిచాం. ఏ బొమ్మలో చూసినా తలపాగా కుడి చెవి మీదికి వాలి ఉంది. ప్రసాదు గారు చిన్నగా, "నాకు కుడి చెవి గీయడం కుదరదండి, అందుకని కప్పేస్తుంటాను" అన్నారు. నరసయ్య గారు నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నారు. "రేపు పెందలాడే రా అమ్మాయ్. వచ్చే నెల వాడి తలపాగా ఊడగొడదాం."

ఊడగొట్టాం. మేనమామ కథ కూడా వేశాం. ఆ తర్వాత రేపల్లె బండిలో పిల్లలు ఆయన్ని వదిలితే ఒట్టు. "నిద్రపోయేటప్పుడు బిగబట్టడు కదండి, మరి దోమ కుడితే?" అని ఎవరో అడిగారట. పొద్దున్నే సంచీ కొక్కేనికి తగిలిస్తూ, "ఇవాళ బండిలో ఓడిపోయానమ్మాయ్" అనేవారు, పండగ కబురు మోసుకొచ్చినట్టు. ఇది కథే కదా, వదిలేయండి అని పిల్లల్ని కసిరిన మనిషి కాదు. ఓడిన రోజు రెండు కాఫీలు ఎక్కువ తాగేవారు, సాయంత్రానికి కథ మలుపు తిరిగేది.

ఓడిపోవడంలో అంత రుచి ఉంటుందని నాకు చూపించింది ఆయనే. మీ తాతగారితో కాపురంలోనూ, పిల్లల్ని పెంచడంలోనూ నాకు అదే అక్కరకొచ్చింది. నిన్నగాక మొన్న నువ్వు నా మాటకు అడ్డం వచ్చి "అదెలా కుదురుతుంది నానమ్మా" అన్నప్పుడు మీ అమ్మ నిన్ను కసిరింది. నేను మాత్రం చూశావుగా, కుర్చీ ముందుకు జరుపుకున్నాను.