కుసుమకుమారి కలిపిన గంజి

పొందూరు నేతింటి ఆడపడుచు కుసుమకుమారి మా ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పదకొండేళ్ళుగా తాత్కాలిక అటెండరు. అటెండరంటే గాజు సామాన్లు కడగాలి, తలుపులు వేయాలి, మేధావులు మాట్లాడుతున్నప్పుడు గోడకి ఆనుకుని నిలబడాలి. ఆఫీసు టైపిస్టుని కనుక ఆ మేధస్సునంతా తప్పుల్లేకుండా కొట్టే భాగ్యం నాది.

మా హరిబాబు సారు ప్లాస్టిక్‌ని భూమ్మీద లేకుండా చేద్దామని బయల్దేరారు. కర్రపెండలం పిండి ఉడికించి, పల్చటి పొరగా ఆరబెట్టి, దాంతో సంచులు చేస్తారట. పొర బాగానే వచ్చేది. ముట్టుకుంటే మాత్రం అప్పడంలా పుటుక్కుమనేది. దానికి సాగే గుణం రావాలని ఏదో పాలిమరు పొడి తెప్పించి, మరిగే నీళ్ళలో గుమ్మరించారు. ఉండలు కట్టింది. ఆ ఉండలకి ఇంగ్లీషులో ఇంత పొడుగు పేరు పెట్టి సెమినారు కూడా ఇచ్చారు. మేం చప్పట్లు కొట్టాం.

ఈ ప్రాజెక్టుకి డబ్బులిచ్చినవాళ్ళు ఢిల్లీ నుంచి తనిఖీకి వస్తున్నారనగానే సారుకి చెమటలు పట్టాయి. ప్రాజెక్టు పోతే ముందు ఊడేది కుసుమకుమారి ఉద్యోగమే. అందుకే ఆవిడ గోడ వదిలి ముందుకొచ్చింది.

“ఆ పొడిని సల్లనీళ్ళలో సల్లి నానబెట్టండి సారూ. తరవాత సన్నసెగ మీద కలుపుతా ఉండాల. మాయింట్లో పడుగు నూలుకి గంజి అలాగే కాస్తాం. పొరని ఎండలో పెట్టీకండి, బిగుసుకుపోతాది.”

“నీ దగ్గర నేర్చుకోవాలా కెమిస్ట్రీ?” అన్నారు సారు.

ఆయన భోజనానికి వెళ్ళగానే ఆవిడ కలిపేసింది. పిండి గంజి, నానిన పాలిమరు, కాస్త గ్లిజరిన్. నీడన ఆరిన పొరని రెండు చేతులా లాగితే సాగింది గానీ తెగలేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు లాగి, మురిసి, సారుతో ఫొటోలు దిగారు. ఫొటోల్లో ఆవిడ లేదు. టీ కప్పులు ఎవరో ఒకరు కడగాలి గదా!

తర్వాత రిపోర్టు. “తయారీ అతి సులువు. ఎవరైనా చేయగలరు. అటెండరు పోస్టు అనవసరం.” సారు చెప్పారు, నేను కొట్టాను. నా వేళ్ళు విరగ! ఏప్రిల్లో ఆవిణ్ణి పంపేస్తూ చేతికిచ్చిన కాగితంలోనూ అవే మాటలు.

జూన్‌లో సారు పొడిని మళ్ళీ మరిగే నీళ్ళలోనే గుమ్మరించారు. మళ్ళీ ఉండలు, మళ్ళీ పుటుక్కు. నాచేత ఆవిడకి ఫోన్ చేయించారు.

“ఎవులైనా సెయ్యొచ్చని నువ్వే గదా తమ్ముడూ కొట్టినావు? ఆ ఎవులైనాని పిలుసుకోండి. నాను రాను,” అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఏమంటోంది?” అన్నారు సారు.

“రాదట సార్.”

“విడ్డూరం! సైన్సంటే బొత్తిగా గౌరవం లేదయ్యా ఆవిడకి. పోనీ, ఎలా కలిపేదో నువ్వైనా చూశావా?”

చూశాను. దగ్గరుండి చూశాను. ఇన్నేళ్ళకి మొదటిసారి ఆయన ముందు నాకు నోరు పెగిలింది.

“మీరే కలపండి సార్. సులువే గదా.”