ఆనపబుర్రలో దాచిన మాత్రలు

మొన్న మనవరాలికి సూది వేయించడానికి ఆసుపత్రికి వెళ్లాను. దూదితో దాని చేయి తుడిచారు. ఆ స్పిరిటు వాసన తగలగానే రూతమ్మ నర్సు నా ముందు నిలబడినట్టే అయింది. ఆవిడ మైదానం నుంచి మా అరకు కొండలకు ఉద్యోగం మీద వచ్చిన మనిషి. చంకన సంచి, మెడలో చిన్న సిలువ, వారానికోసారి నడిచి మా ఊరెక్కేది. రెండో తరగతితో బడి మానేసినదాన్ని నేను. మనిషిని చూడడం నాకు నేర్పింది ఆవిడే.

తొంభైల చివర్లో మా పెద్దాడికి జమునను చేసుకున్నాం. మొదటి ఏడాది నాకంటే ముందు కొండెక్కేది. రెండో ఏటికి కాఫీ పళ్లు కోస్తూ కోస్తూ చెట్టు మొదట్లోనే కునికేది. ముఖం ఉబ్బింది, ఒళ్లొచ్చింది, ఎండలోనూ దుప్పటి వదిలేది కాదు. నెలసరి వస్తే పది రోజులైనా ఆగేది కాదు. అదంతా బద్ధకమే అనుకున్నాను. "మీ అమ్మోళ్లింటికాడ తొంగుందువుగాని, పద" అని ఒకనాడు దాని బట్టలు మూటగట్టేశాను.

సరిగ్గా అప్పుడే రూతమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏటి పెద్దమ్మా, కోడల్ని తోలేత్తన్నావా?"

"తిండికి తప్ప లెగదు సిస్టరమ్మా. నానేటి సెయ్యను?"

ఆవిడ జమున గడ్డం పైకెత్తింది. "నీళ్లు మింగు, గుంటా." గుటక వేస్తుంటే మెడ దగ్గర ఉబ్బొకటి పైకి కదిలింది. "జుత్తు రాలతందా? గొంతు బొంగురుపోయిందా?" జమున ఏడుస్తూ తలూపింది. రోజూ ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నదాన్ని, దాని గొంతు మారిందని నాకు తెలియనే లేదు!

"ఇది బద్ధకం కాదు, పెద్దమ్మా. మెడకాడ థైరాయిడని ఓ గ్రంథి ఉంటాది. అది మందగిత్తే మనిషే మందగించిపోద్ది. ముందా మూటిప్పు."

తనే రైల్లో విశాఖపట్నం తీసుకువెళ్లి రక్తపరీక్ష చేయించింది. రోజూ పరగడుపున ఒక మాత్ర అన్నారు. రెండు నెలలకు జమున మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. ఇక్కడే నేను తప్పు చేశాను. మా కొండల్లో ఇంటికొచ్చిన గింజలో కొంత ఎండబెట్టి డొల్ల చేసిన ఆనపబుర్రలో విత్తనానికి తీసి పెట్టనిదే తినం. మాత్రలూ అయిపోతాయేమోనని అలాగే దాచి, రోజు విడిచి రోజు ఇచ్చాను. కొన్నాళ్లకు జమున గంపతో సహా కొండవాలులో కూలబడింది. "మందూ పన్జెయ్యలేదు. పంపించేద్దారే అమ్మా" అన్నాడు నా కొడుకు.

"రోజూ ఏసుకుంతన్నావా?" అని రూతమ్మ అడిగితే జమున నావైపు చూసింది. నన్ను పట్టివ్వలేదు. నేనే లేచి బుర్ర దింపి, మాత్రలు చాప మీద గుమ్మరించాను.

"ఇత్తనాలేటి, పెద్దమ్మా? జల్లితే మొలుత్తాయా?" అని నవ్వింది రూతమ్మ. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "డాట్రు ఆపమనీదాకా ఒక్కరోజూ మానకూడదు. రేపట్నుంచి నీ సేత్తోనే ఇయ్యాల."

మాత్రలు దాచిన నా చేతికే వాటిని అప్పగించింది. నా కొడుకుతో అన్నాను: "తప్పు నాది. అదెక్కడికీ ఎల్లదు." ఆ మర్నాటి నుంచి పొయ్యి రాజేయకముందే నీళ్లూ మాత్రా నేనే ఇచ్చాను. రెండు నెలలకు అది మళ్లీ గంపెత్తుకుని కొండెక్కింది.

రూతమ్మ బదిలీ అయిపోయింది. ఎక్కడుందో తెలియదు. నా నోరు మాత్రం ఇప్పటికీ కటువే. కానీ కాఫీ కోతలో ఏ పిల్లైనా చతికిలబడితే ముందు పక్కన కూర్చుంటాను. నెలసరి ఎన్నాళ్లుంటోంది, చలేస్తోందా, జుత్తు రాలుతోందా అని అడిగి ఆసుపత్రికి పంపుతాను. తిట్టాల్సి వస్తే ఆ తర్వాతే. ఇన్నేళ్లలో ఆ అవసరం రెండుసార్లే వచ్చింది.