అందరూ దిగాక

నిజామాబాద్‌లో బోధన్ బస్సు నేనెక్కేలోపే నిద్ర నన్నెక్కింది. పక్క సీట్లో ఒక పెద్దావిడ ఒడిలో, తువ్వాలు చుట్టిన పాత కంప్యూటర్ పెట్టె ఉంది. అదేమిటని అడిగాను.

"చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసుది తమ్మీ. దీంట్ల జెనిక్స్ నడుస్తుండె."

జెనిక్స్! పర్సనల్ కంప్యూటర్లలోకి తొలినాళ్లలో వచ్చిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. నేను పుస్తకంలో చదివి, పరీక్షలో మరిచిపోయిన పేరు.

"ఈ ఒక్క పెట్టె మీదనే నలుగురం నాలుగు తెరలు పెట్టుకొని పని చేస్తుంటిమి. బంద్ చేసే ముందు ఒక్కొక్కల కాడికి పోయి, 'ఇగ దిగుండ్రి' అని చెప్పి లాగౌట్ చేపిచ్చుడు నా పని."

అప్పటికింకా నేను, కంప్యూటర్ మొండికేస్తే ప్లగ్గే పీకే మనిషిని. మర్యాదగా తలూపాను.

"ఫ్యాక్టరీ మూసిన దినం నేను చెప్పకముందే కరెంటు పోయింది. అందరు దీని లోపల్నే ఉండిపోయిండ్రు. ఒక్కసారి లేస్తే మంచిగ బంద్ చేద్దామని రిపేరుకు తెచ్చిన. ఇగ లేవదన్నరు."

బోధన్‌లో అందరూ దిగుతున్నా ఆమె కదల్లేదు.

"దిగుతలేవా అక్కా?"

"నువ్వు నడువు తమ్మీ. అందరు దిగనీ."

నేను దిగి, పెట్టె అందుకుందామని మెట్ల దగ్గరే ఆగాను. ఆమె వెనక్కి తిరిగి ఆఖరి సీటు దాకా చూసింది. తర్వాత డ్రైవర్‌తో అలసటగా అంది:

"అందరు దిగిండ్రన్నా. ఇగ బంద్ చెయ్యి."

ఇంజిన్ ఆగింది. ఆమె పెట్టె మీద మెల్లగా చెయ్యి వేసింది.