ఎడమచేతి అంటు కత్తి

మా తమ్ముడు కనబడడం లేదని పోలీసు స్టేషనులో చెప్పి వచ్చాం. తర్వాత వాళ్ళు మమ్మల్ని పిలిపించింది మనిషిని చూపడానికి కాదు, కత్తిని చూపడానికి. మనిషిని చూసి లాభం లేదన్నారు. వాన నీళ్ళు తగ్గాక బెళ్ళందూరు వైపు రాజకాలువలో, ఊరి మురుగూ వాన నీళ్ళూ పోయే పెద్ద కాలువలో, చెత్త ఆపే ఇనుప జాలీకి తట్టుకుని ఎవరో కనిపించాడట. ముఖం మిగల్లేదు. ప్యాంటు జేబులో ఒక మడత కత్తి ఉంది.

నేనూ, తమ్ముడి పెళ్ళామూ వెళ్ళాం. ఆటోలో దారి పొడుగునా ఆమెది ఒకటే మాట.

"ఆయనది అయ్యుండదు వదినా. హూడిలో ఏదో తోట పని ఉండాదంటా ఉన్నాడు, ఆడికే పోయుంటాడు. ఫోను నీళ్ళలో పడుంటాది."



మాది తాతల నాటి నుంచి ఈ ఊళ్ళో మొక్కలు పెంచి అమ్ముకునే ఇల్లు. తోటలు పోయి అపార్టుమెంట్లు వచ్చాక, ఆ అపార్టుమెంట్ల వాళ్ళకే గులాబీలూ మామిళ్ళూ అంటు కట్టి పెట్టేవాడు తమ్ముడు. నేను కుండీలకు మట్టి కలిపేదాన్ని. వాడి చేతిలో ఎప్పుడూ ఒకే కత్తి. కోసే అలుగు ఒక్కటే, చెక్క పిడి, మడిస్తే జేబులో పడుతుంది.

అంటు కత్తికి పదును ఒక పక్కే పెడతారు. రెండో పక్క పలకలా చదునుగా ఉండాలి. ఆ చదును కొమ్మకు ఆనితేనే కోత నున్నగా వస్తుంది, అంటు అతుక్కుంటుంది. అంగట్లో దొరికేవన్నీ కుడిచేతి వాళ్ళకు చేసినవి. మావాడిది ఎడమ చెయ్యి. కొన్న కత్తిని కొన్నట్టే వాడలేక, ఏళ్ళ తరబడి రాయి మీద రుద్ది రుద్ది పదును రెండో పక్కకు మార్చుకున్నాడు. అలుగు సగానికి సగం అరిగిపోయింది. పిడి పక్కన, రాయి అందని మూలలో మాత్రం, కొన్నప్పుడున్న పదును తాలూకు పాత వాలు గోరంత మిగిలిపోయింది.

ఒక్కో మొక్కకూ కోత పెట్టాక జిగురు తుడిచేవాడు. మడిచే ముందు కీలులో ఆముదం చుక్క వేసేవాడు. దాంతో నిమ్మకాయ కోయమన్నా కోసేవాడు కాదు.

"పెండ్లాం కంటే దీన్నే బాగా చూసుకుంటా ఉండావు కదరా" అన్నానొకసారి.

"ఇది తిట్టదు కదక్కా" అన్నాడు. లోపలి నుంచి ఆమె, "దానికి నోరుంటే నాకంటే ఎక్కువే తిడతాది" అంది.

స్టేషనులో కానిస్టేబుల్ కోలారు వైపువాడు, మా తెలుగే మాట్లాడాడు. పేపరు మీద కత్తి పెట్టాడు. మూసే ఉంది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

ఆమె ఒక్క చూపు చూసి, "ఆయనది ఎర్ర చెక్క. ఇది నల్లది. కాదు" అంది.

"కాలువ నీళ్ళలో ఇన్ని దినాలుంటే నేనైనా నల్లగానే అయితానమ్మా" అన్నాడు అతను. నా వైపు తిరిగి, "పిడి మీద ఏవో అక్షరాలుండాయి. చదివేకి వస్తాదా నీకు?" అన్నాడు.

వచ్చు. మొక్కల చీటీలు చదవాలని, జుట్టు నెరిశాక నేర్చుకున్నాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. అది చేసినవాళ్ళ పేరు. ఆ పేరున్న కత్తులు మార్కెట్టులో బుట్టల్లో పోసి అమ్ముతారు. దాంతో ఏం తేలుతుంది? తెరిచి చూడాలన్నాను.

అతను గోటితో లాగాడు, రాలేదు. బల్ల అంచుకు వేసి కొట్టబోయాడు.

"అట్ల కొడితే విరుగుతాది. ఆగప్పా. నూనె ఉండాదా?"

తలకు రాసుకునే కొబ్బరి నూనె సీసా సొరుగులోంచి తీశాడు. కీలులో రెండు చుక్కలు వేసి, నూనె దిగేదాకా ఆగాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగుతున్నాయి.

"కాదని చెప్పు వదినా. నువ్వు కాదంటే వాళ్ళూ కాదంటారు."

కొంగు చుట్టి మెల్లగా లాగాను. కిర్రుమంటూ వచ్చింది. బురద తుడిచి కిటికీ వెలుగుకు పట్టాను. పదును ఎడమ పక్కన ఉంది. పిడి మొదట్లో, కుడి పక్కన, గోరంత పాత వాలు.

ఒక అబద్ధం ఆడితే ఆమెకు మొగుడు బతికే ఉంటాడు. రోజూ గుమ్మంలో కూచుని ఎదురు చూస్తుంది. ఆ జాలీకి తట్టుకున్నవాణ్ణి ఎవరో అనాథ శవమని కాల్చేస్తారు. నాకు వాడు ఒక్కడే తమ్ముడు.

"మా తమ్ముడిదే" అన్నాను.

ఆమె చెయ్యి వదిలేసింది. "నీ కండ్లు పోను" అంది. ఏడవలేదు. కానిస్టేబుల్ రాసుకున్నాడు.

దహనం మేమే చేసుకున్నాం. ఆ తర్వాత ఆమె నా ముఖం చూడలేదు. కర్మ నాడు నేను వండింది ముట్టలేదు.

కేసు రాతకోతలన్నీ ముగిశాక కత్తి నా చేతికిచ్చారు. కిరసనాయిలులో నానబెట్టాను. కొబ్బరి పీచుకు బూడిద అద్ది తుప్పు రుద్దాను. పీచుకు రాని చోట గుండుసూదితో గీకాను. కీలు ఆడింది. అలుగు మీద గుంటలు మాత్రం పోలేదు, అవి ఇంక పోవు. రాయి మీద పెట్టలేదు. నాది కుడి చెయ్యి.

గుడ్డలో చుట్టి ఆమె ఇంటికి పోయాను. తలుపు తీసి నిలబడింది. లోపలికి రమ్మనలేదు. గుడ్డ విప్పి కత్తి అందించబోయాను.

చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. మా ఇళ్ళలో కత్తిని చేతిలోంచి చేతికి ఇయ్యరు, ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ పోట్లాట వస్తుందని.

"కింద పెట్టు వదినా" అంది.

ఇంకా ఏం పోట్లాట మిగిలి ఉందని అనబోయి, గడప మీద పెట్టాను. ఆమె వంగి తీసుకుని, తలుపు వేసుకుంది.