నాయనకు చెప్పిన బొమ్మ

ఆత్మకూరు కంటి ఆసుపత్రిలో నాయన మంచానికి ఎదురుగా గోడమీద ఒక పెద్ద బొమ్మ ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో ఎవరో దొర వేసిన చిత్రానికి అచ్చు కాపీ. కాలవ ఒడ్డున పడవలు బాగుచేసే చోటు అని కింద ఇంగ్లీషులో రాసి ఉంది. తొంభైల మొదట్లో సంగతి, నేను ఇంటర్ చదువుతున్నాను.

నాయన ఉదయగిరి బజారులో టైలరు. ఎడమ కన్ను చిన్నప్పుడే కంప ముల్లు గుచ్చుకుని పోయింది. మిగిలిన కుడి కంటికి శుక్లం వచ్చి, సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేదాకా వచ్చాక ఆపరేషన్ చేయించాం. ఇది కూడా పోతే? ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అమ్మ మాత్రం ప్రార్థనలో "ప్రభువా, ఆ ఒక్క కన్ను" అని అక్కడే ఆగిపోయేది.

కంటికి కట్టుతో వెల్లకిలా పడుకున్న నాయనకు పొద్దు పోయేది కాదు. "ఎదురుగా ఏముండాదో చెప్పు" అన్నాడు. పడవ ఒకటి గట్టుమీద పక్కకు ఒరిగి ఉందని చెప్పాను.

"బైబిల్లో నోవహు ఓడా?"

"కాదు నాయనా. మన సంగం కాలవంత కాలవ. రిపేరుకు తెచ్చిన పడవ."

"ఎవురన్నా పనిచేస్తా ఉండారా?"

ఒక్కడే ఉన్నాడు. వాడూ తారు డబ్బా పక్కన పెట్టి నీళ్లవైపు చూస్తున్నాడు. బొమ్మలో సగానికి పైగా ఆకాశమే. నీళ్లు ఎంత నిమ్మళంగా ఉన్నాయంటే, వాటిమీద తేలే ఇంకో పడవ ఎక్కడ అయిపోయి దాని నీడ ఎక్కడ మొదలైందో కనిపెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. దగ్గరికెళ్తే ఆ నీడంతా నాలుగు కుంచె గీతలే. వెనక్కి వస్తే మళ్లీ నీళ్లు. అంత తక్కువతో అంత నెమ్మది ఎట్లా తెచ్చాడో ఆ మహానుభావుడు! ఆ బొమ్మలో ఎవరికీ భయం లేదు, భయమంతా మాకే. పెంకుటింటి మీద పొగతో సహా అన్నీ చెప్పాను. నాయన పూటపూటా చెప్పించుకున్నాడు.

కట్టు విప్పే రోజు పొద్దున నర్సమ్మ మాత్రలు ఇస్తూ అంది: "డాక్టరుగారు ఆ బొమ్మే చూపిచ్చి ఏముండాదని అడగతారు. కనపడేదీ లేనిదీ దాంతోనే తెలిసిపోద్ది."

చెప్పి చెప్పి పరీక్షనంతా నేనే చెడగొట్టాను.

ఏం చేయాలో తోచేలోపే డాక్టరు వచ్చాడు. కట్టు విప్పి, కన్ను తుడిచి, మందపాటి అద్దమున్న ఫ్రేము పెట్టి గోడవైపు చూపించాడు. "ఏం కనపడుతోంది?"

నాయన కాసేపు చూశాడు. "కాలవ. గట్టుమీద పడవ ఒరిగుండాది. ఒకడు తారు డబ్బా పక్కన పెట్టినాడు. ఇంటిమీద పొగొస్తా ఉండాది."

నా మాటలే, నేను చెప్పిన వరసలోనే. డాక్టరు తృప్తిగా తలూపాడు. అమ్మ "స్తోత్రం తండ్రీ" అంది. కూరలో ఉప్పు లేకపోయినా బాగుండాది అనే మనిషి మా నాయన. అమ్మ కోసం కనపడకపోయినా కనపడిందంటాడు. డాక్టరుకు చెప్పేసేముందు నాయననే అడగాలనిపించింది. వంగి నాయన చెవిలో అడిగాను: "నిజం చెప్పు. కనపడతా ఉండాదా?"

తల నావైపు తిప్పాడు. అద్దం వెనక పెద్దగా, తడిగా ఉన్న ఆ కన్ను నా మొహం మీద నిలవలేదు. పక్కకు జారి భుజం దగ్గర ఎక్కడో ఆగిపోయింది. ఇంక అయిపోయిందనుకున్నాను.

"ఏందే," అన్నాడు గొంతు తగ్గించి, "జాకెట్టు తిరగేసి తొడుక్కున్నావు? చేతులు అతికిన కుట్లన్నీ బయటికే ఉండాయి. టైలరు కూతురివి, నలుగురు చూస్తే ఏమనుకుంటారు?"

చూసుకున్నాను. నిజమే. పొద్దుటినుంచి అది అమ్మకూ కనపడలేదు, నాకూ కనపడలేదు.