బీరువాలో నా సర్టిఫికెట్లు

పంజాగుట్టలో మా ఆఫీసున్న భవనం ముందువైపు మొత్తాన్ని ఒక చీరల దుకాణం హోర్డింగు కప్పేసి ఉండేది. రోడ్డు మీద పోయేవాళ్లకు పట్టుచీర కట్టుకున్న అమ్మాయి కనిపించేది. లోపల కూర్చున్న మాకు మాత్రం కిటికీలోంచి ఆ హోర్డింగు వెనకనున్న ఇనుప కడ్డీలే కనిపించేవి. బయట ఎండో వానో తెలిసేది కాదు.

మాది కాకినాడ. అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ కోర్సు చేసి, మైత్రీవనం వెనక లేడీస్ హాస్టల్లో ఉంటూ ఆ ఉద్యోగంలో చేరాను. చేరిన రోజే మా యజమాని రెండేళ్ల బాండు మీద సంతకం చేయించుకున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక నీలం కవర్లో పెట్టి, తన గదిలోని బీరువాలో దాచి తాళం వేశారు.

"పని నేర్చుకోగానే అందరూ వెళ్లిపోతున్నారమ్మా, అందుకని" అన్నారు. ఉద్యోగం వచ్చిన సంతోషంలో నాకదేమీ పెద్ద విషయంగా తోచలేదు.

చిన్న చిన్న హోటళ్లకీ, ఆసుపత్రులకీ వెబ్‌సైట్లు చేసేవాళ్లం. బంజారా హిల్స్‌లోని ఒక హోటలాయన రోజూ ఫోన్ చేసి, ఎరుపు ఇంకాస్త ముదురుగా ఉండాలనేవాడు. మార్చాక, నిన్నటిదే బాగుందనేవాడు. నా పక్క సీట్లో పాతబస్తీ నుంచి వచ్చే భాయ్ ఉండేవాడు. కంప్యూటర్లు రాకముందు షాపులకు బోర్డులు రాసేవాడట. మా సైట్లకు బొమ్మలన్నీ ఆయనే చేసేవాడు.

ఏడాది తిరక్కుండానే బేగంపేటలోని ఒక పెద్ద కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. సోమవారం ఒరిజినల్స్‌తో వచ్చి చేరమన్నారు. యజమాని గదిలోకి వెళ్లి సర్టిఫికెట్లు అడిగాను.

"ఇక్కడ నీకేం తక్కువైందమ్మా?" అన్నారాయన. గొంతులో కోపం లేదు.

"తక్కువేం లేదండి. అక్కడైతే ఇంకా నేర్చుకోవచ్చని."

"నేర్చుకుందువుగాని. బాండు అయిపోనీ, నేనే పంపిస్తాను."

ఆ మధ్యాహ్నం వాళ్లావిడ పంపిన పులిహోర నాకూ పెట్టారు. వద్దంటే బాగుండదని తిన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే పోట్లాడేదాన్నేమో.

సంగతి విన్న భాయ్ కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "ఫికర్ చెయ్యకమ్మా. సర్టిఫికెట్లు పోయినయని పోలీస్ స్టేషన్ల రాసియ్యి. గా కాయితం చూపిస్తే కొత్త కంపెనీవాళ్లు జర టైమిస్తరు. మా తమ్ముడు సుత గట్లనే డూప్లికేట్లు తీస్కున్నడు."

మర్నాడు భోజనం వేళ స్టేషన్‌కు వెళ్లాను. బస్సులో పోయాయని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ నడిచాను.

"యాడ పోగొట్టుకున్నవమ్మా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

బస్సులో అని మొదలుపెట్టి, అబద్ధం చెప్పలేక మానేశాను. "పోలేదండి. మా ఆఫీసు బీరువాలో ఉన్నాయి" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టి, నేను చెప్పిందంతా విన్నాడు. "సంతకం నువ్వే పెడితివి గదా. గిండ్ల మేమేం జేస్తం? ఆయనకే నచ్చజెప్పి తీస్కో."

తిరిగొచ్చి నా సీట్లో కూర్చున్నాను. భాయ్ నా ముఖం చూసి గ్రహించాడు కాబోలు, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. సోమవారం పొద్దున కొత్త కంపెనీకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఎందుకని కూడా అడగకుండా పెట్టేశారు. అప్పట్నుంచి మా యజమాని బీరువా తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో పని ఆగిపోయేది. ఆయన గది అద్దాల తలుపులోంచి, మిగతావాళ్ల కవర్ల మధ్య, నా నీలం కవరు అంచు కనబడేది.

బాండు ముగిసేనాటికి ఐటీ గాలి తిరిగింది. బేగంపేట కంపెనీ సగంమందిని తీసేసిందని విన్నాను. హాస్టల్లో ఉద్యోగాలు పోయినవాళ్లు మళ్లీ కోర్సుల్లో చేరుతున్నారు. యజమాని తనే పిలిచి కవరు చేతికిచ్చారు.

"ఇక నీ ఇష్టమమ్మా."

విప్పి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. ఎన్ని రోజుల్నుంచో ఆ నిమిషం కోసం ఎదురుచూశాను గానీ, వెళ్లడానికి చోటే లేదు.

"ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటానండి" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. "ఉండు. ఈసారి బాండేమీ వద్దులే" అన్నారు.

మర్నాడు నన్ను చూసి, "పోలేదా?" అన్నాడు భాయ్.

"ఎక్కడికి పోను భాయ్?"

ఆయన తల ఊపి తన పనిలోకి తిరిగాడు. నేను బయటపడేసరికి మరో ఏడాది పైనే పట్టింది.