ఆఖరి పొర

చోడవరంలో మా వీధివాళ్ళకు మామిడి తాండ్ర అంటే సన్యాసమ్మ తాండ్రే. మహా మొండి మనిషి. మే నెల ఎండలో డాబా మీద తాటాకు చాప పరిచి, కోలంగోవ మామిడిపళ్ళ రసంలో బెల్లం కలిపి పలచగా పూసేది. అది ఎండితే గాని పైన మరో పొర వేసేది కాదు. ఎప్పుడిస్తావని అడిగితే నాకు ఒకటే జవాబు.

"ఎండనడుగు బాబూ, నన్ను కాదు."

పోయిన వేసవిలో ఆ ఎండే ఆమెను డాబా మీద పడగొట్టింది. ఇక ఎండ ముఖం చూడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. తాండ్ర మానేస్తే ఇక తను దేనికి పనికొస్తానని ఆమె దిగులు. సరిగా అన్నం కూడా తినేది కాదు. చూడలేక కోడలు అశ్విని డ్రయ్యర్ తెప్పించింది. ఇనుప బీరువాలా ఉంటుంది, లోపల ట్రేల మీద వేడిగాలి తిరుగుతుంది. చూడగానే నాకు ఒళ్ళు మండింది. బీరువాలో తాండ్ర ఏమిటి, నా తలకాయ!

సన్యాసమ్మ మాత్రం మురిసిపోయింది. మబ్బు భయం లేదు, ఈగ లేదు, కాకి లేదు. ఆ సంబరంలో తన జన్మలో చెయ్యని పని చేసింది. పొరలన్నిటికీ సరిపడా రసం ఒకేసారి మందంగా పోసేసి, వేడి పూర్తిగా పెంచి తలుపు మూసింది.

మర్నాడు తీస్తే పైన నిగనిగలాడుతోంది. కోస్తే లోపల పచ్చి రసం. పైభాగం ముందే గట్టిపడిపోయి లోపలి తడిని బయటికి పోనివ్వలేదు. రంగు నల్లబడింది. పండు వాసన పోయి మాడిన పాకం వాసన మిగిలింది. ఆ ముక్క చేత్తో పట్టుకుని ఆమె అలాగే కూర్చుండిపోయింది. నాకు జాలేసింది.

"మిషన్ తప్పు కాదే," అంది అశ్వినితో. "ఆశ నాది. ఎండయితే నా తొందర సాగనిచ్చీది కాదు."

తర్వాత వేడి తగ్గించి, పొర మీద పొర పలచగా పోసింది. ఈసారి కుదిరింది. మంచి పసుపు రంగు, శుభ్రంగా ఉంది. నాకో ముక్క పెట్టి నా ముఖమే చూస్తోంది. బాగుందన్నాను, అబద్ధం కాదు. కానీ నా నోరు ఊరుకోదే! పాత తాండ్రలో ఎండిన చాప వాసన ఒకటి తగిలేది, అది లేదన్నాను. తనకూ తెలుసంది. ఆ వాసన లేనిదాన్ని తన తాండ్ర అని చెప్పి ఎవరికీ ఇవ్వనంది. అనవసరంగా అన్నానే అని ఇంటికొచ్చి బాధపడ్డాను.

కొన్నాళ్ళకు అటు వెళుతూ తలెత్తి చూస్తే డాబా మీద చాప ఉంది. డ్రయ్యర్‌లో ఆరిన తాండ్రను దాని మీదకు మార్చి, తలకు తువ్వాలు చుట్టుకుని అశ్విని ఆఖరి పొర పూస్తోంది. మెట్ల గది నీడలో కుర్చీ వేసుకుని సన్యాసమ్మ ఇంకా పలచగా, ఇంకా పలచగా అంటోంది. ఉండబట్టలేక లేవబోయింది.

"నువ్వు నీడ దాటకత్తా," అంది అశ్విని. "కూకుని సెప్పు, నేను పూస్తాను."

ఆమె మళ్ళీ కూర్చుంది. తాండ్ర ఎప్పుడిస్తారని కింద నుంచి అడిగాను. అశ్విని తలైనా ఎత్తలేదు.

"ఎండనడగండి బాబూ, నన్ను కాదు."

నీడలోంచి సన్యాసమ్మ నవ్వు వీధి దాకా వినిపించింది.